టిక్కుమనిపించడం ఎలా?

బండి ఇండికేటర్ పనిచేయడం లేదన్న సంగతి మీకు తెలియడానికే ఆరు నెలలు పడుతుంది. కంగారు పడొద్దు. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఎటు తిరుగుతున్నారో లైటు వేసి చెప్పేవాణ్ని జనం కొంచెం అనుమానంగానే చూస్తారు. ఆటో అన్న ఏ పక్క కాలు బయట పెడితే ఆ పక్కకు తిరుగుతాడు. బైకు మీద వెనక కూర్చున్న ఇంటావిడ చెయ్యి చాపితే ఆ వైపుకు. ఎవరూ ఏమీ చాపకపోతే ఎటైనా సరే.

అయినా బాగు చేయించాలన్న పట్టుదల మీకుంటే ముందు రోగం కనుక్కోండి. టిక్‌టిక్ మామూలుకన్నా తొందరగా కొట్టుకుంటే, దాన్ని కొట్టించే రిలేని తిట్టకండి, ఏదో ఒక బల్బు పోయి ఉంటుంది. వేడికి వంగే లోహపు రేకున్న పాతకాలం రిలే అయితే అప్పుడు తొందరపడదు, లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. ఎలక్ట్రానిక్‌వే అలా హడావిడి పడేవి. బల్బులన్నీ బాగున్నా దీపం లేకపోతే రిలే పీకేసి, దానికొచ్చే రెండు వైర్లనూ ఒక తీగముక్కతో కలిపి స్విచ్ వేయండి. లైటు ఆరకుండా వెలిగిందా, రిలే కాలం చేసినట్టే.

ఆ తీగముక్కను అలాగే ఉంచి, స్విచ్‌ను బొటనవేలితో అటూ ఇటూ ఆడిస్తూ వెళ్లే పద్ధతీ ఉంది. చట్టానికి ఏ లోటూ రాదు. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా కొట్టుకోవాలి. నేను కోర్టు చౌరస్తాలో 70 దాకా కొట్టాను. బ్రేకు వేసే వేళ్లు మాత్రం ఖాళీగా ఉంచుకోండి.

ఇక దుకాణం. ఏ పేరుతో అడగాలన్నదే అసలు పరీక్ష. 'రిలే' అంటే సెల్ఫ్ రిలే తీసిస్తారు. 'ఫ్లాషర్' అంటే నంబర్ ప్లేటు చుట్టూ తిరిగే రంగు లైట్లు చూపిస్తారు. 'బజర్' అన్నానో, రివర్సులో కూసే డబ్బా చేతిలో పెట్టారు. 'టిక్ టిక్ డబ్బా' అంటే మాత్రం అందరికీ అర్థమవుతుంది, కాని అప్పటికి మీ పరువు పోయి ఉంటుంది.

"అన్నా, గా టిక్ టిక్ డబ్బా ఉన్నదా?"

"ఏ బండి?"

చెప్పాను. ఆయన మెడ చాచి బయట నిలబెట్టిన బండి ప్లేటు చూశాడు. ఏపీ 15. దాని తర్వాత టీఎస్ 02లు వచ్చాయి, 2024 నుంచి టీజీ 02లు వస్తున్నాయి. ఆయన ముఖంలో జాలి కనిపించింది.

"గా మోడల్ బందై శానా ఏండ్లాయె. పాత డబ్బా తెచ్చినవా?"

"బండికే ఉన్నది."

"అయితే బండినే గల్లా మీదికెక్కియ్యి, సూస్త."

కాబట్టి పాతది జేబులో వేసుకుని వెళ్లండి. దాని కాళ్లు లెక్కపెట్టండి. రెండు కాళ్లదైతే బి అన్నచోట బ్యాటరీ నుంచి వచ్చే వైరు, ఎల్ అన్నచోట బల్బులకు పోయే వైరు. మూడో కాలుంటే అది సాధారణంగా ఎర్త్. కొన్నిటి మీద 49, 49ఎ, 31 అని ఉంటుంది. 49 చూసి ధర అనుకుని, యాభై నోటిచ్చి రూపాయి కోసం చెయ్యి చాపినవాణ్ని నేనే. అవి జర్మనీ వాళ్లు పెట్టిన అంకెలట: 49లో కరెంటు లోపలికి, 49ఎలో బల్బులకు, 31లో ఎర్త్‌కు.

వాట్లు కూడా చూడాలి. బైకు బల్బులు సాధారణంగా 10 వాట్లవి, కారువి 21. ఒకదాని రిలే ఇంకోదానికి తగిలిస్తే పని చేస్తుంది, కాని దాని ఇష్టప్రకారం చేస్తుంది. మీ అబ్బాయి ముచ్చటపడి ఎల్ఈడీలు వేయించి ఉంటే మరీ చిక్కు. అవి తాగే కరెంటు ఎంత తక్కువంటే, బల్బు పోయిందనుకుని రిలే బరాత్ లైట్లలా దడదడలాడుతుంది. వాటికి వేరే రిలే ఉంటుంది. అది దొరికినప్పుడు మీ దగ్గర పాత బల్బులే ఉంటాయి.

కరీంనగర్‌లో దొరకకపోతే ఆదిలాబాద్‌లో దొరుకుతుందంటారు. ఆదిలాబాద్‌లో అడిగితే నాగపూర్ వైపు చెయ్యి చూపిస్తారు. అదీ ఒక ఇండికేటరే.

చెల్లెలి ఇల్లు ఆదిలాబాద్‌లోనే కనుక ఆ వంకతో బయల్దేరాను. జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే ముందు లారీ కుడి ఇండికేటర్ వేసింది. దానికి రెండర్థాలు: 'నేను కుడికి తిరుగుతున్న', 'నువ్వు కుడి నుంచి దాటిపో'. ఏదో తేల్చుకోలేక నేరడిగొండ దాకా దాని పొగ మింగుతూనే వెళ్లాను.

ఆదిలాబాద్‌లో ఒక మెకానిక్ తమ్ముడు బోల్టుల డబ్బా కింద కుమ్మరించి, ఎప్పుడో ఏ బండి నుంచో విప్పి దాచిన రిలే ఏరి తీశాడు. కాళ్లు రెండే. తగిలించగానే టిక్కుమంది. పైసలు వద్దన్నాడు, టీ తాగించాను.

తిరుగు ప్రయాణంలో జనం ఎంత కలుపుగోలుగా ఉన్నారో! ఎదురొచ్చిన ప్రతి బండివాడూ నన్ను చూసి పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి పలకరించాడు. నేనూ మర్యాదగా పిడికిలి మూసి తెరిచాను. గుడిహత్నూర్‌లో ఛాయ్ కోసం ఎడమకు తిరిగినప్పుడు వేసిన ఇండికేటర్, కొండగట్టు దగ్గర బండి దిగి చూస్తే ఇంకా కొట్టుకుంటూనే ఉంది.