కనిపించేదే కలప

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. ఇక అల్మారాలు, అటకలు, వంటింటి అరలు, టీవీ గోడ మిగిలాయి. చెక్కపని మీద సలహాలిచ్చే బంధువులు ఈపాటికి బయల్దేరే ఉంటారు. వాళ్లలో కొందరు సొంత ఇంట్లో పని చేయించి, అనుభవంతో మాట్లాడతారు. వాళ్ల జోలికి పోకండి. మన పద్ధతికి సూత్రం ఒక్కటే: గృహప్రవేశం నాడు చుట్టాల కంట పడని దేనికీ రూపాయి పెట్టకూడదు. మిగతా చిట్కాలన్నీ ఇందులోంచి పుట్టినవే.

1. ప్లైవుడ్ మీద ముద్ర చదవకండి

షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గరే 303 అనో 710 అనో అంకె ఉంటాయి. 710 అంటే మెరైన్ రకం. దాని నమూనాను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరల మధ్య జిగురు వదలకూడదని నిబంధన. మీ సింకు కింద నీళ్లు మరుగుతాయా? ఊరికే కారతాయి, అంతేగా! కాబట్టి అక్కడ 303లో అన్నిటికన్నా చవకైన ఎంఆర్ (కాస్త తేమను మాత్రమే ఓర్చుకునే) ప్లై వేయించండి. కొన్నాళ్లకు అడుగు పలక పూతరేకులా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. అయితేనేం, అది తలుపు వెనక సంగతి. మిగిలిన డబ్బుతో హాల్లో తళతళలాడే లామినేట్ వేయించండి.

2. అందం ఒకవైపు చాలు

అల్మారా తలుపుకు బయటివైపు 1 మి.మీ. లామినేట్ వేయించి, లోపలివైపు వదిలేయండి. లోపలినుంచి చూసేవి మీ చొక్కాలే కదా. "రెండువైపులా అంటించాలి సార్, ఒకవైపే అంటిస్తే పలక వంగిపోద్ది" అని మేస్త్రీ గొణుగుతాడు. వంగనివ్వండి. ఏడడుగుల తలుపు మూతపడక మొండికేసినప్పుడు మడతబందులు సరిచేయడానికి అతన్నే పిలవచ్చు. కోసిన అంచులకు బ్యాండింగ్ కూడా దండగ. తేమ ముందుగా చొరబడేది ఆ అంచులోంచేనట. దానికీ ఒక దారుండాలి కదా. బాత్రూం గోడకు అల్మారా వీపును ఆనించేయండి. మధ్యలో అరంగుళం సందు వదిలితే గదిలో అంత చోటు పోయినట్టే.

3. కొలత ఒకచోట తీస్తే చాలు

నేల మీద టైల్స్ పడకముందే కొలిచేయండి, పని తొందరగా మొదలవుతుంది. తీరా టైల్స్ పరిచాక నేల ఎత్తు పెరిగి, చేసిన పెట్టె సీలింగుకు తగిలితే కాళ్లు కోయించవచ్చు. గోడకు గోడకు మధ్య దూరం కింద, నడుమ, పైన కొలిస్తే మూడుచోట్లా మూడు అంకెలొస్తాయి, ఎందుకంటే గోడలు నిట్టనిలువుగా ఉండటం అరుదు. పాతకాలపు వడ్రంగులు అన్నిటికన్నా చిన్న అంకెను పట్టుకుని, మిగిలిన సందును బీడింగుతో కప్పేవారు. మీరు ఒక్కచోటే కొలిచి ఆ అంకెనే పట్టుకోండి. పెట్టె పట్టకపోతే గోడ చెక్కుదురుగాని. రసమట్టం, మూలమట్టం లాంటివి కనిపిస్తే సంచిలో పెట్టేయమనండి. వాటితో పని నెమ్మదిస్తుంది.

4. గది పెద్దగా కనబడాలి

హ్యాంగరుకు తగిలించిన చొక్కాకు లోపల 22 అంగుళాల దాకా లోతు కావాలంటారు. మీరు 18కి కుదించండి. గది విశాలంగా కనిపిస్తుంది. చొక్కాలంటారా, తలుపు సందులోంచి భుజాలు బయటపెట్టి గాలి పీలుస్తాయి. పుస్తకాల అరలకు నడుమ నిలువు పలకలు పెట్టించకండి. 18 మి.మీ. ప్లై మూడడుగులు దాటాక బరువుకు కుంగుతుందన్నది నిజమే. కానీ నాలుగడుగుల అర ఖాళీగా ఉన్నప్పుడు ఎంత బాగుంటుందో చూడండి. పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేయండి.

5. శ్రావణంలో బిగిసిన తలుపును శ్రావణంలోనే చిత్రిక పట్టించండి

వానలకు కలప తేమ పీల్చి అడ్డానికి ఉబ్బుతుంది, ఎండలకు మళ్లీ తగ్గుతుంది. అంతదాకా ఆగేవాళ్లు ఆగనీ. తలుపు వాలడానికి మడతబందు స్క్రూలు వదులైపోవడమే కారణమేమో అని చూడకండి. పై అంచుకు, కింది అంచుకు రంగు పడక అక్కడినుంచే తేమ ఎక్కుతోందేమో అని స్టూలెక్కకండి. చెక్క రాలేదాకా చిత్రిక పట్టించండి. వేసవి వచ్చేసరికి సందులోంచి పక్కింటి టీవీ సీరియల్ కూడా వినవచ్చు.

6. కుళ్లును లప్పంతో గెలవండి

బాత్రూం చట్రం అడుగు కుళ్లిందా? కుళ్లిన మేరా గట్టి చెక్క తగిలేదాకా కోసి, అదే రకం ఎండిన కలప ముక్కను ఏటవాలుగా అతికి, నేలకానే అడుక్కు కూడా రంగు పూయడం ఒక పద్ధతి. అందుకు మంచి పనివాడు, కాస్త ఓపిక కావాలి. లప్పానికి అరగంట చాలు. మెత్తబడ్డ చెక్క మీదే నిండుగా కూరి రంగేయండి. గోడ మూలన చెదల మట్టిగొట్టం కనబడితే తడిగుడ్డతో తుడవండి. అది ఎక్కడినుంచి మొదలైందో వెతకబోతే మీ అల్మారా వెనక పలక దాకా తీసుకెళ్తుంది, పండగపూట ఆ దృశ్యం ఎందుకు?

7. కాగితం మీద ఏమీ పెట్టకండి

బొమ్మ గీయించడం, ఏ ప్లై, ఏ మడతబందు, సొరుగులకు ఏ ఛానలు అని రాయించుకోవడం అపనమ్మకానికి గుర్తు. "మీకు తెలియనిదేముంది మేస్త్రీ" అనేసి చదరపు అడుగు రేటు మీద మాత్రం గంటసేపు బేరమాడండి. ఆ అడుగులు ముందువైపు తలుపుల కొలతా, లోపలి అరలు కూడా కలిపా అన్నది బిల్లొచ్చాకే తేల్చుకోండి. రేటు బాగా తగ్గిస్తే, ఆ తగ్గినంతా కంటికి కనబడని చోటే తగ్గుతుంది. అంటే మన సూత్రాన్ని ఆయన కూడా పాటిస్తున్నాడన్నమాట. ముహూర్తానికి వారం ముందు పని మొదలుపెట్టించి, డబ్బంతా ముందే ఇచ్చేయండి.

ఇవన్నీ తూచా తప్పకుండా పాటించినా, పదేళ్ల తర్వాత కూడా తలుపులు సరిగా పడుతూ, సొరుగులు చప్పుడు లేకుండా జారుతూ ఉంటే కంగారుపడకండి. ఈ సలహాల్లో లోపం లేదు. ఆ మేస్త్రీ మీ మాట వినలేదు, అంతే. ఈసారి చెప్పినట్టు వినేవాడిని చూసుకోండి.