ఓడినవారి కంప్యూటరు శాస్త్రము

“నువ్వు కంప్యూటరోడివి గదబ్బాయా, ఒక్క మాట చెప్పు: ఆ ఓటు మిషన్ను లోపల మార్చేదానికి అవుతాదా, కాదా?”

బస్టాండు కడ టీకొట్టులో, మంగలి కత్తి గొంతుపై నుండగా, మేనమామగారింటి నిశ్చితార్థపు పంక్తిలో విస్తరి దాటి పారిపోవు రసమును ఆపుటకు రెండు చేతులును చాలకున్న సమయమున, ఈ యొక్క ప్రశ్నయే నన్ను వెంటాడుచున్నది. నేను బియ్యపు మిల్లులకు బస్తాల లెక్క చూచు ప్రోగ్రాములు వ్రాసికొని బ్రతుకువాడను. అయినను, పులికాటు సరస్సు నడుమగా పోవు రోడ్డు తుదను, షార్ అను రాకెట్టు కేంద్రము గల శ్రీహరికోట యుండుటచేత, మా సూళ్లూరుపేటలో కీబోర్డు ముట్టిన ప్రతివాడును షార్ శాస్త్రజ్ఞుడే. షార్ శాస్త్రజ్ఞుడైన ప్రతివాడును ఓటింగు యంత్రపు గర్భమర్మము లెఱిగినవాడే. బస్తాల లెక్క తప్పిననాడు మాత్రము ఈ గౌరవము నాకు దక్కదు.

అడుగువారిని గూర్చి నేను కనిపెట్టిన సత్య మొకటి కలదు: గెలిచిన పక్షమువా డెవ్వడును ఇంతవరకు నన్నీ ప్రశ్న అడిగి యెఱుగడు. 2009లో కేంద్రమున ఓడిన భారతీయ జనతా పార్టీవారిలో, మన తెలుగువారే యైన జి.వి.ఎల్. నరసింహారావుగారు మరుసటి యేట ఈ యంత్రములను శంకించుచు ఒక పుస్తకమునే వ్రాయగా, అద్వానీగారు దానికి ముందుమాట సమకూర్చిరి. ఆ పార్టీ గద్దె నెక్కిన పిదప ఆ సందేహము భద్రముగ కాంగ్రెసువారి చేతికి వచ్చినది. 2019 ఏప్రిలులో పోలింగు ముగిసిన రెండు దినములకే చంద్రబాబునాయుడుగారు ఢిల్లీకి పోయి ఎన్నికల సంఘము నెదుట యంత్రములపై మొఱపెట్టుకొనిరి. 2024 జూనులో, ఓటమి పిమ్మట, కాగితపు బ్యాలెట్టే మేలని జగన్మోహనరెడ్డిగారు పలికిరి. ఏ యేట నెవ్వరు గెలిచిరో వారికి ఆ యేడు యంత్రము నిర్దుష్టముగనే తోచినది. ఈ సంప్రదాయము యంత్రముతోడనే పుట్టినది. 1982లో కేరళమున పరవూరులో తొలిసారి దీనిని వాడినపుడు, వలదని పోలింగుకు ముందే కోర్టు కెక్కిన శివన్ పిళ్లగారు 123 ఓట్లతో గెలిచి ఊరకుండగా, ఓడిన ఏ.సి. జోస్ గారు ఆ పిమ్మట తాము కోర్టు కెక్కిరి. చట్టమున యంత్రమునకు చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పి, యంత్రములు వాడిన కేంద్రములలో కాగితముతో మరల పోలింగు జరిపింపగా, ఈసారి జోస్ గారే గెలిచిరి.

ఇచ్చట చిన్న విషయ మొకటి చెప్పి మరల త్రోవకు వత్తును. ఆర్డుయినో యను అరచేతి పలకతో సెలవు దినములందు ఏదో యొకటి కట్టుచుండుట నాకు వ్యసనము. ఈ ప్రశ్నల బాధ పడలేక, నాలుగు మీటలును ఒక బజ్జరును గల బొమ్మ ఓటింగు యంత్రమును ఇంటనే కట్టి, మరునాటి ఫలాహార మేదియో తేల్చు భారమును దానిపై నుంచితిని. ఇడ్లి, దోసె, ఉప్మా, నాలుగవది ‘పై వేవియు కావు’. మీట యనునది మనము తలచినంత సాధుజంతువు కాదు; ఒక్కమారు నొక్కినను లోపలి లోహపు రేకులు తగిలి, ఎగిరి, మరల తగిలి, కొన్ని మిల్లీసెకన్లపాటు వణకును; సెకనుకు 1.6 కోట్ల టిక్కులతో నడచు ఆ చిప్పు ప్రతి వణకును ఒక ఓటుగా జమకట్టును. కనుక తొలి తాకిడి పిమ్మట 50 మిల్లీసెకన్లు చెవులు మూసికొని యుండవలెనని ప్రోగ్రామున దానికి ఆజ్ఞ వ్రాసితిని.

ఎన్నికలు ప్రశాంతముగనే ప్రారంభమైనవి. మొదటినాడు ఇడ్లి గెలిచెను. దోసె పక్షమువాడైన మా కుమారుడు, యంత్రముపై తనకు విశ్వాసము లేదనియు, కాగితపు చీటీలే కావలెననియు స్నానము మాని ధర్నాకు కూర్చుండెను. మరునాడు దోసె గెలువగా, “మిషన్ సూపర్ నాన్నా” అనెను. మా అమ్మ ప్రతిదినమును నాలుగు మీటలును వరుసగా నొక్కుచుండెను. ఏమమ్మా యనగా, “ఎవురూ బాధపడకూడదు గదరా” అనెను. చివరకు నా భార్య ఫ్రిజ్జు తలుపు తీసి, ఉన్న పిండి యేదియో చూచి ఫలితమును ప్రకటించును. ఆ తీర్పుపై అప్పీలు లేదు. బజ్జరు కూత విని ప్రక్కింటి పెద్దాయన వచ్చి, “నీకు కావల్సినోళ్లకే పడేటట్టు రాసినావా యేంది?” అని యడిగెను. అట్లు వ్రాయలేదని నిరూపింపదలచి, ల్యాప్‌టాపు తెఱచి, ప్రతి పంక్తిని వేలితో చూపి, ఇడ్లికి నొక్కిన ఓటు దోసెకు పడవలెనన్న ఇదిగో ఈ చోట ఈ అంకెను మార్చవలసి యుండెడిదని సవిస్తరముగ బోధించితిని. ఆయన సాంతము విని, “అంటే, మార్చేదానికి అవుతాదన్న మాట!” యని పరమ సంతుష్టుడై వెడలి, నేను ఒప్పుకొంటినని వీధి యంతయు చాటెను.

వణకు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. 2022 ఆగస్టు 7వ తేదీన శ్రీహరికోట నుండి ఎగిరిన తొలి ఎస్.ఎస్.ఎల్.వి. రాకెట్టున, రెండవ దశ విడిపోవునపుడు పుట్టిన క్షణకాలపు కంపనమును చూచి, దాని ప్రోగ్రాము సెన్సార్లే చెడినవని తీర్మానించుకొనెను. ఉపగ్రహములు 356 కిలోమీటర్ల వృత్తకక్ష్యకు బదులు ఒకవైపు 76 కిలోమీటర్ల వరకు దిగిన కక్ష్యలో పడి, బడిపిల్లలు చేసిన ఆజాదీశాట్‌తో సహా నశించినవి. లోపము తమ తర్కముననే యున్నదని ఇస్రోవారు బహిరంగముగ చెప్పి, దిద్దుకొని, 2023 ఫిబ్రవరి 10న మరల ఎగురవేసి కృతార్థులైరి. ఓడిన పార్టీ యేదియైనను తన తర్కమును ఇట్లు విప్పి చూచుకొన్నట్లు నేను వినలేదు.

ఓటు యంత్రమును మార్చవచ్చునా యన్న ఆ ప్రశ్నను నిజముగ అడిగినవా డొకడు మనలోనే కలడు. హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాదు 2010లో, మిచిగన్ విశ్వవిద్యాలయపు హాల్డర్‌మన్, నెదర్లాండ్సుకు చెందిన గాంగ్రైప్ అనువారితో కలిసి, ఒక అసలు యంత్రమును విప్పి, చేతికి చిక్కినచో దానిని ఎట్లు మోసగింపవచ్చునో చూపెను. ఆ యంత్రము దొంగిలింపబడినదన్న నేరముపై ఆ ఆగస్టులో పోలీసులు ఆయనను ముంబయికి కొనిపోయిరి. పిదప 2013లో, ఓటు వేసిన చీటీని ఏడు సెకన్లు చూపు వీవీప్యాటును ప్రవేశపెట్టవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఓటింగు యంత్రములకు ఇంటర్నెట్టు లేదు. ఒకదానిని బల్లపై పెట్టుకొని విప్పుట వేఱు, ఏజెంట్ల కన్నుల యెదుట లక్షల యంత్రములను మార్చుట వేఱు. నా యుత్తరము నిజమునకు ఇంతే. కాని ‘వేఱు’ అను మాట వచ్చులోపల అడిగినవాడు టీ డబ్బు లిచ్చి లేచిపోవును. అది గెలిచినవాడు కూడ అడుగవలసిన ప్రశ్న. దానిని ఓడినవారి యేడుపుగా అరగదీసితిమి గదా యన్న దిగులు, రాత్రివేళ సాల్డరింగు పొగలో ఒంటరిగ కూర్చున్నపుడు, నన్ను కొంత బాధించును.

కావున రాకెట్టు చూచుటకు మా యూరి మీదుగా పోవు మహాశయులకు మనవి. మీ పక్షము ఓడియున్నచో, ఈ ప్రశ్న వేయక నేరుగా శ్రీహరికోటకు పొండు. గెలిచియున్నచో, ఆగి అడుగుడు, సాంతము వినుడు. టీ నేనే యిప్పింతును.