నిశ్శబ్దానికి నాలుగు బండ్లు

హిమాలయాల్లో ప్రశాంతత వెతకడానికి సూరత్‌లో మన తెలుగువాళ్ళు వాట్సాప్ గ్రూపు పెట్టారంటే ముందుగా పోయేది ఆ ఫోన్లున్న ఇళ్ళ ప్రశాంతతే. రాఖీ పున్నమినాడు మార్కండేయుడి ఊరేగింపు చూసి ఇంటికొచ్చిన రాత్రి ఎవరో ఒక వీడియో పెడతారు. కొండ, చెక్క ఇల్లు, పొగమంచు, వెనకాల వేణుగానం. కింద ‘ఎవరికీ తెలియని ఊరు’ అని రాసి ఉంటుంది. దాన్ని ఎన్ని లక్షల మంది చూశారో కూడా అక్కడే రాసి ఉంటుంది. బతుకమ్మ నాటికి గ్రూపులో తగువులు మొదలవుతాయి. దసరా నాటికి బండ్లు నాలుగవుతాయి.

దీపావళి లక్ష్మీపూజ అయ్యాక రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లు షట్టర్లు దించితే మళ్ళీ ఎత్తేది కొద్ది రోజులకు వచ్చే లాభ్ పంచమికి. ఈ సందులోనే పదిహేడు వందల కిలోమీటర్లు దాటి పోయి, మౌనం అనుభవించి, అంత దూరమూ వెనక్కి రావాలి. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు వేసుకుంటే మౌనానికి మిగిలే రోజులు లెక్కలో తేలవు. అందుకని సెలవు ఇంకో వారం పొడిగిస్తారు. ఖాతా, అంటే మగ్గాల షెడ్డు, బంద్. మీటరు లెక్కన కూలీ తీసుకునే కార్మికుడికి ఆ వారం సెలవని పేరే గానీ అసలు పేరు పస్తు. శేటు చెవులకు విశ్రాంతి కావాలి కదా, సర్దుకోవాలి.

ఆ చెవుల సంగతి కాస్త చెప్పుకుందాం. లింబాయత్, ఉధ్నా, పాండేసరాల్లో మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే ఎక్కువ. తాత ఊళ్ళో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేశాడు. తండ్రి ఇక్కడ ఎవరివో సాంచాల (మరమగ్గాల) మీద పాళీ (షిఫ్టు) చేశాడు. కొడుకు ఇప్పుడు సాంచాలకు యజమాని. ఎదిగినందుకు ఎవరూ తప్పు పట్టరు, సంతోషమే. కానీ ఆ సాంచాల మధ్య ఒక్కసారి నిలబడి చూడండి. మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. ఫ్యాక్టరీ నిబంధనలు ఆ మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి భరించకూడదంటాయి. ఇక్కడ పాళీ పన్నెండు గంటలు. పక్కనున్నవాడి మాట వినబడదు, కండె అయిపోయిందని చెప్పాలన్నా చేతి సైగే. పాళీ దిగి ఇంటికొచ్చినవాడు భార్యతో కూడా అరిచినట్టే మాట్లాడతాడు, టీవీ గోడ అదిరేలా పెడతాడు, పక్కింటివాళ్ళ చేత తిట్లు తింటాడు. ఏళ్ళు గడిచాక ఏమీ వినబడని స్థితికి చేరుకుంటాడు. నిశ్శబ్దం వాడికి ఆ విధంగా ఇంటికే వస్తుంది, పెట్రోలు ఖర్చు కూడా లేకుండా.

యజమాని మాత్రం ఏసీ గదిలో, అద్దాల వెనక కూర్చుని గ్రే తానుల ధర మాట్లాడుతుంటాడు. ‘ఈ సౌండు పొల్యూషన్‌ల బతుకలేకపోతున్నమన్నా’ అన్నది గ్రూపులో ఆయన పెట్టిన తొలి మెసేజ్. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కార్మికులకు ఇప్పిద్దామా అని గ్రూపులో ఎవరూ అడగలేదు, అది ట్రావెల్ గ్రూపు కాబట్టి. కార్మికుడి ట్రావెల్ వేరు. వాడికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీ ఉంది, వరంగల్‌లో దిగితే ఊరు ఉంది.

ఇక ఊరి ఎంపిక. మొదట కులూ వైపు కొండల్లోని మలాణా అనుకున్నారు. అక్కడ ఊరి దేవుడు జమ్లూ ఆజ్ఞ అంటూ 2017 నుంచి బయటివాళ్ళకు రాత్రి బస బంద్ చేశారు. ఈ సంగతి తెలిశాక గ్రూపులో వచ్చిన మొదటి ప్రశ్న: ‘దేవుని దగ్గర మనోళ్ళు ఎవరన్న ఉన్నరా?’ లేరని తేలాక కిన్నౌర్‌లోని చిట్కుల్ మీద పడ్డారు. బస్పా నది ఒడ్డున, 3,450 మీటర్ల ఎత్తున, టిబెట్ వైపు రోడ్డు అయిపోయే చోట ఉన్న ఊరు. ‘హిందుస్థాన్ కా ఆఖ్రీ ఢాబా’ అని బోర్డు ఉంటుంది, దాని ముందు నిలబడి ఫొటో దిగకపోతే పోయినట్టు లెక్క కాదు. దీపావళి దాటితే అక్కడ రాత్రిళ్ళు గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి. ఊళ్ళో చాలామంది చలికాలం కిందికి దిగిపోయే ఏర్పాట్లలో ఉంటారు. ఇంటివాడు దిగుతున్న వేళకు చుట్టాలు ఎక్కుతున్నారన్నమాట.

హోమ్‌స్టే యజమానికి ఫోన్ చేశారు. ఊరు నిశ్శబ్దంగా ఉంటుందా అని అడిగారు. ఉంటుందన్నాడు. పక్కానా? పక్కా. రాత్రి తొమ్మిది దాటితే నది చప్పుడు తప్ప ఏమీ వినబడదన్నాడు, గర్వంగానే. ‘అట్లయితే సౌండు బాక్సు మేమే తెచ్చుకోవాల్నా?’

తిండి గురించి జరిగిన చర్చ పార్లమెంటులో కూడా జరగదు. తింటే సూరత్‌లో తినాలి, చస్తే కాశీలో చావాలని గుజరాతీ సామెత. సూరతీ శేట్లు యాత్రకు వంట మహారాజ్‌ను వెంటబెట్టుకుపోతారు. వాళ్ళను చూసి మనవాళ్ళూ తయారు. ఒక బండి నిండా థెప్లాలు, ఖాఖ్రాలు, సకినాలు, తొక్కు, గ్యాస్ పొయ్యి, బస్తాడు ఆలుగడ్డలు. చిట్కుల్ ఆలుగడ్డకు దేశంలో పేరుంది. అయినా సూరత్ ఆలుగడ్డ కొండెక్కాల్సిందే. కొండవాడి ఇంట్లో ఉండి, కొండవాడి వంట ముట్టకుండా, కొండ సంస్కృతిని చూసి వస్తారు.

సీసాల ప్రస్తావన గ్రూపులో రాలేదు, ఆడవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి. దానికి వేరే గ్రూపు ఉంది. గుజరాత్ పుట్టిన 1960 నుంచీ మద్యనిషేధమే. ఆ సీసాల నిశ్శబ్దమే కావాలంటే దమణ్ పక్కనే ఉంది, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. కానీ దమణ్ పోయానంటే పరువు పోతుంది, హిమాలయం పోయానంటే పెరుగుతుంది.

తర్వాత ఒక మహానుభావుడు ‘ఎట్లాగూ పోతున్నం, దారిలనే కదా, మనాలీ కూడ కలుపుదాం’ అన్నాడు. చిట్కుల్ సట్లెజ్ వైపు, మనాలీ బియాస్ వైపు. మధ్యలో ఉన్న కొండలు ఫోన్ తెరమీద అడ్డం రావు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు ఒంటి బండి పట్టే ఘాట్ రోడ్ల మీదికి జీజే-05 నంబరు పెద్ద బండ్లు నాలుగు వరసగా బయల్దేరుతాయి. మనాలీ పైనున్న రోహ్‌తాంగ్ కనుమకు రోజుకు 1,000 బండ్లు చాలని హరిత ట్రైబ్యునల్ 2015లో పరిమితి పెట్టింది. అందుకు చింతించే పనిలేదు, 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచారు. 9.02 కిలోమీటర్లు. కొండ కింది నుంచి పోతే కొండకు పెట్టిన పరిమితి వర్తించదు. సొరంగం అవతలి లాహుల్ లోయవాళ్ళు చలికాలంలో బయటి లోకానికి దారి కావాలని దశాబ్దాలు ఎదురుచూశారు. దారి వచ్చింది. దాని వెంట బయటి లోకం మొత్తం వచ్చింది. 2023 క్రిస్మస్ రోజుల్లో అక్కడ బండ్లు బారులు కడితే ఒకాయన ఆగలేక థార్ జీపును చంద్రా నదిలోకి దించి, నీళ్ళలోనే నడిపించుకుపోయాడు. వీడియో దేశమంతా చూసింది, పోలీసులు చలానా రాశారు. మన గ్రూపులో మాత్రం ఆ వీడియో కింద చలానా మాట ఎవరూ ఎత్తలేదు. ‘మోడల్ ఏది?’ అని అడిగారు.

నది దగ్గర తెలుగువాడికి వేళాకోళం ఉండకూడదు. 2014 జూన్ 8న మండీ జిల్లా థలోట్ దగ్గర, లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే బియాస్‌లో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. సాయంత్రం పూట లోతులేని చోట రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగారంతే. వాగు ఎంత ఉందో కళ్ళతో చూస్తే తెలిసిపోతుందనే నమ్మకం మైదానపువాడిది. ఎగువన ఏమి కట్టారో, ఎప్పుడు గేట్లు ఎత్తుతారో ఆ నమ్మకానికి తెలియదు. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీలో ఖీర్‌గాడ్ వాగు బురదా బండలూ మోసుకొచ్చి క్షణాల్లో బజారును కప్పేసింది. గంగోత్రి దారిలో ఆపిల్ తోటల ఊరు అది. వాగు ఒకప్పుడు తెచ్చిపోసిన మేట మీదే హోటళ్ళు, హోమ్‌స్టేలు లేచాయి. ఎందుకు లేచాయంటే, కింది నుంచి వచ్చేవాళ్ళకు కిటికీలోంచి వాగు కనబడాలి. ‘రివర్ వ్యూ ఉంటేనే బుక్ చెయ్’ అని మన గ్రూపులోనూ ఒక అక్క రాసింది. దానికి పదకొండు బొటనవేళ్ళు లేచాయి.

ఇన్ని జరిగినా పోయేవాళ్ళు పోతారు, ఆగరు. పోయినవాళ్ళు కులూలో ఆగి శాలువా కొనకుండా రారు. దుకాణంవాడు పట్టీ అంచున్న శాలువా పరిచి, ‘అసలైన చేనేత సార్, ఒక ముసలమ్మ నెల రోజులు కూర్చుని నేసింది’ అంటాడు. మన శేటు మూల పట్టుకుని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలుపుతాడు. అంచు దగ్గర తిరగేసి పోగు లాగి చూస్తాడు. మూడు తరాల వేళ్ళు అవి, అబద్ధం చెప్పవు. ఉన్ని కాదు, అక్రిలిక్. ముసలమ్మ కాదు, మోటారు. చేనేతకే కేటాయించిన వస్తువుల్లో శాలువా కూడా ఉందని, మరమగ్గం మీద దాన్ని నేయకుండా 1985లో చట్టం చేశారని ఆయనకు తెలుసు, తాత బతికుండగా ఇంట్లో విన్న మాటే. కోపం వస్తుందేమో అని పక్కనున్నవాళ్ళు చూస్తారు. ఆయన ముఖం వెలుగుతుంది. ఇల్లు వదిలాక మొదటిసారి తన మనిషి దొరికాడు. స్టూలు లాక్కుని కూర్చుంటాడు, టీ తెప్పిస్తాడు, గొంతు తగ్గిస్తాడు.

“భాయ్, ఎక్కడి మాలు, లూధియానాదా? మీటరు ఎంత పడ్తుంది? సూరత్ నుంచి మేం ఇంక తక్కువకు పంపిస్తం, ముసలమ్మ చీటీ కూడ మేమే కుట్టిస్తం. ఇంకోటి, చిట్కుల్‌ల ఆ ఢాబా పక్కన ఖాళీ జాగ ఏమన్న ఉంటే చూసి పెట్టు.”