మూతకు మెరుపు, బర్నర్‌కు మసి

“అన్నా, ఇది స్టెయిన్‌లెస్ స్టీల్. తుప్పు పట్టదు, మెయింటెనెన్స్ అక్కర్లేదు, పదేండ్లు కండ్లు మూసుకొని వాడుకోండి.” గ్యాస్ బార్బెక్యూ గ్రిల్ అమ్మేటాయన చెప్పే ఈ మూడు మాటల్లో ఆఖరిదే నిజం. కండ్లు తెరిస్తే వాడలేం.

హైదరాబాద్ హోటల్లో బల్ల మధ్య నిప్పుల మీద చువ్వలు తిప్పుకొని వచ్చినాయనకు ఉట్నూర్‌లో సొంత డాబా బోసిగా కనిపిస్తది. డల్లాస్ తమ్ముడేమో పెరట్లో పొగ మధ్య నిలబడి వీడియో కాల్ చేస్తడు. ఇంకేముంది, రథం దిగుతుంది: మూడు బర్నర్లు, అద్దంలాంటి మూత, కింద చక్రాలు. డాబా మీద ఆ చక్రాలు ఎక్కడికి పోతాయని అడగకండి. పప్పు ఉడకాల్సిన 14.2 కిలోల సిలిండర్ కూడా మెట్లెక్కుతుంది.

కొనేముందు ఒక పరీక్ష ఉంటుంది. అమ్మేటాయన జేబులోంచి అయస్కాంతం తీసి ఆనిస్తాడు. అంటుకోలేదు, అసలు స్టీలేనని తేలిపోతుంది. ఆయన చెప్పే అసలు స్టీలు, అయస్కాంతం అంటని 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదని దాన్ని తగ్గించి మాంగనీస్ కలిపితే 200 సిరీస్. దానికీ సాధారణంగా అయస్కాంతం అంటదు, కానీ ఉప్పు తగిలితే 304 కంటే ముందే మచ్చలేస్తుంది. నికెల్ దాదాపు లేని 430కి అయస్కాంతం ఠక్కున అంటుకుంటుంది, అయినా అదీ స్టెయిన్‌లెస్సే. అయస్కాంతంతో స్టీలు నాణ్యత తేల్చడమంటే మీసం చూసి పిల్లనిచ్చినట్టే.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ, తుపాకీ గొట్టాలు తొందరగా అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ క్రోమియం కలిపిన ఈ ఉక్కును తీశాడు. అది చివరికి భోజనాల బల్ల మీద కత్తులకు పనికొచ్చింది. దానికి ఉప్పు, నిమ్మరసం పట్టించి రాత్రంతా ఆదిలాబాద్ మంచులో వదిలేయమని మాత్రం ఆయన ఎక్కడా చెప్పినట్టు లేదు. దాన్ని కాపాడేది కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా గాలి తగిలితే మళ్లీ కట్టుకునేంత మొండిది. దానికి గిట్టనిది క్లోరైడ్.

మనవాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకొస్తారు. మొదట బ్లీచింగ్ పౌడర్. జిడ్డు పోలేదా, బాత్రూం కడిగే యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ యాసిడే కదా అని ఎవరికీ అనిపించదు. ఆపైన ఇనుప పీచు. పీచు తునకలు గీతల్లో ఇరుక్కొని, తుప్పు పట్టేది ముందు అవే. అప్పుడు ఫోన్ చేస్తే అవతలి గొంతు చల్లగా, “మీరు సరిగా వాడలేదు సార్” అంటుంది. పట్టకపోతే స్టీలు గొప్పతనం, పడితే మన తప్పు. ఇంత లాభసాటి సిద్ధాంతం మఠాధిపతులకు కూడా తట్టలేదు.

వేడికి స్టీలు మీద పసుపు, నీలం రంగులు తేలితే అదీ మురికేనని తోముతారు. అది ఆక్సైడ్ పొర మందం పెరిగి వచ్చిన రంగు, సబ్బుకు పోదు. నిజానికి కావాల్సింది గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. సన్నగీతలు ఎటు పోతే అటే తుడిచి తడి లేకుండా ఆరబెట్టాలి. ఇంత చవకైన పని చెబితే పాలిష్ స్ప్రే ఎవరు కొంటారు?

అసలు కథ మూత కింద. కొవ్వు కారే ట్రే నిండితే అంటుకునేది అక్కడే. బర్నర్ రంధ్రాలు పూడుకుంటే మంట పసుపు రంగుకు మారి చికెన్‌కు మసి పూస్తుంది. నెలల తరబడి వాడకుండా మూలన పెడితే, గ్యాసూ గాలీ కలిసే గొట్టంలో సాలీడు గూడు కట్టి మంట వెనక్కి తన్నొచ్చు. జాయింట్లకు సబ్బు నురగ పూస్తే లీకు బుడగై పొంగుతుంది. పైపు పగిలిందో, ఎలుక కొరికిందో చూసే తీరిక ఎవరికి? అక్కడ సెల్ఫీ దిగలేం కదా! చువ్వలు గీకడానికి మాత్రం వైర్ బ్రష్షు ఉంది. దాని తీగ ఊడి మాంసంతో పాటు మింగితే ఏమవుతుందో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లోనే రోడ్ ఐలండ్ ఆస్పత్రి కేసులు ఆరు చూపించి హెచ్చరించింది. కొందరికి పేగుకే చిల్లు పడింది.

ఈ తోముడు, పాలిష్ గొడవ లేని పాత్రలూ మన దగ్గర ఉన్నాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా దేవుడి జాతరలో మెస్రం వంశం వాళ్లు సిరికొండ కుమ్మరులు చేసిన కుండలు వాడతారు. ఆ కుండలకు పాలిష్ డబ్బా అమ్మడానికి ఇంకా ఏ కంపెనీ రాలేదు, జాతరలో స్టాల్ దొరకలేదేమో.

ఇంట్లో ఏనాడూ చాయ్ పెట్టని మనిషి చిమటా పట్టుకొని “నేనే వండిన” అని వాట్సాప్‌లో పెడతాడు. తెల్లారి చువ్వలు గీకుతున్న చేతులకు గాజులుంటాయి, అవి ఫొటోలోకి రావు.

ఇక వారంటీ ముగిసే నెలలో షాపు నుంచి ఫోనొస్తుంది. మెయింటెనెన్స్ అక్కర్లేని ఆ గ్రిల్‌కు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకోమని. ముందుగా కడితే డిస్కౌంటట. క్లీనింగ్ కిట్ ఉచితమట, అందులో వైర్ బ్రష్షు కూడా ఉంటుందట.