తలుపు శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం
ఆల్బం నడుస్తున్నది.
మధ్యల ఆపొద్దు, పాట మార్చొద్దు.
చాయ్ తెచ్చినోడు లోపలికి రావచ్చు.

అవతారిక
ఓరుగల్లులో శాసనాలకు కొదవ లేదు. వేయిస్తంభాల గుడిలోనిది రుద్రదేవుడు 1163లో వేయించినది. ఇది కాజీపేట దగ్గరి ఒక హాస్టల్లో గది తలుపుకు సెల్లోటేపుతో అతికించినది. ఓరుగల్లు ఆస్థానంలో పుట్టిన అలంకారగ్రంథం ప్రతాపరుద్రీయానికి మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి వ్యాఖ్య రాశాడు. దీనికి వేరే దిక్కు లేక మేము పూనుకొన్నాము.

టీక
ఆల్బం = పింక్ ఫ్లాయిడ్ బృందము 1973 మార్చిలో వెలువరించిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, దాదాపు 43 నిమిషములది; నడుస్తున్నది = ఒక పాట తోక పట్టుకొని ఇంకొకటి వచ్చుచున్నది; మధ్యల = రికార్డు తిరగవేయు చోట తప్ప మరెక్కడైనను; ఆపొద్దు = ఆపరాదు (ఈ విధి కరెంటుకు వర్తించదు); చాయ్ తెచ్చినోడు = అర్హుడైన శ్రోత. ‘అల్లం చాయ్’ అని పాఠాంతరము.

తాత్పర్యం
విడిపాట ముక్తకం, ఆల్బం ప్రబంధం. సినిమా పాటలతో పెరిగిన చెవికి ముక్తకమే అలవాటు. మన చౌరస్తా బృందం ‘ఊరెళ్ళిపోతా మామ’ కూడా ఒంటిపాటగానే ఊరూరా తిరిగింది. ఈ కృతి అట్లా కాదు. గుండె చప్పుడుతో మొదలై, కాలం, చావు, డబ్బు, కొట్లాట, పిచ్చి మీదుగా నడిచి, మళ్ళీ గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. చావు వెంటనే డబ్బు రావడంలోనే కవి గడుసుదనం. క్లేర్ టోరీ ఒక్క మాటైనా లేకుండా గొంతెత్తి పాడిన శోకం ఆరకముందే, రికార్డు తిరగేసేపాటి వ్యవధిలో, చిల్లర గలగలలాడుతుంది. పాట మార్చినవాడికి శోకమూ దక్కవచ్చు, చిల్లరా దక్కవచ్చు. ఆ రెంటి నడుమనున్న వెక్కిరింపు దక్కదు. అందుకే ఈ నిషేధం.

విశేషములు
‘మనీ’ ఏడు మాత్రల నడక, మన మిశ్రచాపుకు దగ్గరి లెక్క. నాలుగుకే తల ఊపేవారు ఇక్కడ తప్పిపోయి, గిటార్ సోలో నాలుగులో పడ్డాక తేరుకుంటారు. ‘టైమ్’ మొదట్లో మోగే గడియారాలను ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక దుకాణంలో విడివిడిగా రికార్డు చేసి కలిపాడు. వాటిని అలారమనుకొని పక్క గదివాడు లేచి పరీక్షకు చదివాడని హాస్టల్ ఐతిహ్యం.

శంక
చివరి గుండె చప్పుడు కాజీపేట రైలు కూతలో మునిగిపోతే మళ్ళీ మొదటినుంచి వినవలెనా?

సమాధానం
అక్కరలేదు. కూత ప్రక్షిప్తము.