గేర్‌బాక్సు తైలం: సటీకా తాత్పర్యం

మూలం: “గేర్‌బాక్సు తైలము యావజ్జీవము, మార్పనక్కఱలేదు.”

అవతారిక. సెకండ్‌హ్యాండులో ఆటోమేటిక్ కారు కొన్నవాళ్ళకు ఈ వాక్యం ఎక్కడికెళ్ళినా ఎదురవుతుంది. కారుతోపాటు వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అమ్మిన డీలరు నోట ఉంటుంది, పెళ్ళి పందిట్లో పక్క కుర్చీ బావగారి నోటా ఉంటుంది. కంపెనీకో పాఠం ఉంది. ‘ఫిల్ ఫర్ లైఫ్’ అని ఒకరు, ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని ఒకరు, ‘మామూలు వాడకంలో తనిఖీ అవసరం లేదు’ అని ఇంకొకరు. అన్నిటినీ కలిపి పరిష్కరిస్తే తేలిన పాఠం పైది. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు. ఈ టీక ఆ మాటలో మొదటి సగానికే కట్టుబడుతుంది. కాళిదాసుకు సరసుడైన పాఠకుడు దొరికాడు కాబట్టి మల్లినాథుడు క్లుప్తంగా తప్పించుకున్నాడు. కారు పుస్తకాన్ని గ్లవ్‌బాక్సులోంచి బయటికి తీసి చదివేవాడే కరువు.

ప్రతిపదార్థం. గేర్‌బాక్సు అంటే ఇక్కడ టార్క్ కన్వర్టరు ఉన్న ఆటోమేటిక్ అని గ్రహించాలి. 2014లో సెలెరియోతో మన రోడ్ల మీదికి వచ్చిన ఏఎంటీకి ఈ చర్చ వర్తించదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చు తొక్కే కాలి పని ఒక యంత్రం చేస్తుందంతే. సీవీటీకి నూనె వేరు, దానికి వేరే టీక కావాలి. ఇక తైలం అంటే ఏటీఎఫ్, అనగా ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. దీనికున్నన్ని ఉద్యోగాలు కారులో మరే ద్రవానికీ లేవు. కన్వర్టరులో ఇంజను వైపు రెక్కలు దీన్ని విసిరికొడితే ఆ ఉరవడికి ఎదుటి రెక్కలు తిరుగుతాయి, కారు కదులుతుంది. ఏ గేరు పడాలంటే ఆ క్లచ్చును ఒత్తిడితో బిగించి పట్టేదీ ఇదే. పళ్ళ మధ్య అరుగుదల ఆపాలి, పుట్టిన వేడిని కూలరు దాకా మోసుకుపోవాలి. పైగా ఒక ధర్మసంకటం ఉంది: బేరింగుల దగ్గర జారాలి, క్లచ్చు పలకల దగ్గర పట్టాలి, రెండుచోట్లా ఒకే నూనె. ఈ పట్టూవిడుపూ కుదర్చడానికే అందులో ఫ్రిక్షన్ మాడిఫయర్లనే రసాయనాలు కలుపుతారు. 1970ల మొదటి దాకా అమెరికాలో ఆ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. చట్టం తిమింగలాలకు అండగా నిలిచాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కోవలసి వచ్చింది. ముందుగా అలిసిపోయేవి ఈ రసాయనాలే. నూనె చూడటానికి నూనెలాగే ఉంటుంది, పట్టు మాత్రం తగ్గుతుంది.

యావజ్జీవము అన్నచోట వ్యాఖ్యాతలు విడిపోతారు. జీవం ఎవరిది? నూనెది అంటే వాక్యంలో సారం లేదు, నూనె బతికినన్నాళ్ళూ నూనె బతుకుతుందని చెప్పడానికి పుస్తకం అచ్చువేయనక్కర్లేదు. గేర్‌బాక్సుది అంటే మరీ చిక్కు: నూనె చెడి గేర్‌బాక్సు పోయిందనుకోండి, నూనె దాని జీవితాంతం ఉన్నట్టే లెక్క, మాట తప్పిందని ఎవరూ నిరూపించలేరు. యజమానిది అనుకోవడం అశుభం. మిగిలింది సందర్భం చెప్పే అర్థం. కొత్త కారు అమ్మేవాడికి ఒప్పందం మొదటి కొనుగోలుదారుతో. వారంటీ గడిచే మూడేళ్ళో ఐదేళ్ళో సర్వీసు ఖర్చు తక్కువని కాగితం మీద చూపించడం అతనికి కావాలి. ఆ గడువులో మంచి గేర్‌బాక్సు ఏదైనా మొదట పోసిన నూనెతో సాఫీగానే నడుస్తుంది. కాబట్టి మూలం అబద్ధమాడలేదు. పన్నెండేళ్ళ కారును లక్షాచిల్లర కిలోమీటర్ల దగ్గర చేతిలోకి తీసుకున్న రెండో, మూడో యజమానిని ఉద్దేశించి అది రాసింది కాదు, అంతే. పరుల ఉత్తరం చదివి మన ఇంటికే వచ్చిందనుకోవడంలో ఉంది పొరపాటు.

దీనికి పూర్వపక్షం: ‘కారు చేసినవాడికంటే నీకు ఎక్కువ తెలుసా?’ తెలియదు. అందుకే గేర్‌బాక్సు చేసినవాణ్ణే అడగాలి. బీఎండబ్ల్యూతో సహా చాలా కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జెడ్ఎఫ్ జర్మన్ కంపెనీ. కార్ల కంపెనీలు ‘జీవితాంతం’ అన్న గేర్‌బాక్సులకే అది 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు, నూనె మార్చమని చెబుతుంది. గేర్‌బాక్సు చేసినవాడూ దాన్ని కారులో బిగించి అమ్మినవాడూ భిన్నంగా మాట్లాడితే చేసినవాడి మాటకే బలమెక్కువ. ఇంకో సాక్ష్యం పుస్తకంలోనే, వెనకపేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది: కఠిన పరిస్థితుల్లో అయితే ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని. కఠినం అంటే ఏమిటో కింద వివరణ ఉంటుంది. ఆగుతూ కదులుతూ నడపడం, వేడి వాతావరణం, కొండదారులు, దుమ్ము, తరచూ దగ్గరి ప్రయాణాలు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి సాయంత్రం ఆరింటికి బయల్దేరిన కారు ఇందులో ఏ లక్షణం నుంచి తప్పించుకుంది? బ్రేకు తొక్కి ‘డి’లో నిలబడిన ప్రతి నిమిషమూ ఇంజను కన్వర్టరులో నూనెను చిలుకుతూ ఉంటుంది, ఆ చిలుకుడంతా వేడే. పది డిగ్రీలు పెరిగితే నూనె ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందని స్థూల లెక్క. 90 డిగ్రీల దగ్గర లక్ష కిలోమీటర్లు ఓర్చే నూనె అనుకుంటే, 110 దగ్గర అది పాతికవేలకే చతికిలబడాలి.

రెండో పూర్వపక్షం షెడ్లలో పుట్టింది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు: ‘పాతబండికి నూనె మారిస్తే వారంలో గేర్‌బాక్సు కూర్చుంటుంది.’ అలా కూర్చున్న బండ్లు నిజంగానే ఉన్నాయి. అయితే లక్షన్నర కిలోమీటర్లు మూత తీయనివాడికి ఉన్నట్టుండి నూనె మీద భక్తి ఎప్పుడు పుడుతుంది? గేరు జారడం, జర్కులు మొదలయ్యాక. అప్పటికి క్లచ్చు పలకలు అరిగిపోయి ఉంటాయి. ఆ చావును కొత్త నూనె ఖాతాలో రాయడం, తులసితీర్థం పోసినవాడి మీద హత్యానేరం మోపడమే. ఈ వాదంలో నిజం పాలు ఒకటుంది. మెషిను పెట్టి ఒత్తిడితో మొత్తం నూనెను ఒక్కసారి తోసేసే ఫ్లష్, ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి వాల్వ్‌బాడీ సన్నదారుల్లోకి తోయవచ్చు. పాతబండికి ఆ పని వద్దు. అప్పటికే జారుతున్న దానికి ఏ నూనే మందు కాదు, అది రిపేరు వ్యవహారం.

కాబట్టి అన్వయం ఇది: మార్చాలి, కొంచెం కొంచెంగా మార్చాలి. డ్రెయిన్ బోల్టు విప్పితే మొత్తం నూనె రాదు. కన్వర్టరులోనూ కూలరు పైపుల్లోనూ సగానికి పైగా ఉండిపోతుంది. వచ్చింది నలభై శాతం అనుకుంటే మొదటి విడతకు 40 శాతం కొత్తది, రెండో విడతకు 64, మూడోదానికి 78. విడతకూ విడతకూ మధ్య వెయ్యో రెండువేలో కిలోమీటర్లు నడిపితే గేర్‌బాక్సుకు మార్పు తెలియకుండానే మార్పు జరిగిపోతుంది. ఇక్కడ ఏ గ్రంథం గట్టిగా చెప్పని ఒక విధి ఉంది. ముందు నూనె పోసే మూత ఊడివస్తుందో లేదో చూసుకొని, ఆ తర్వాతే కింది బోల్టు విప్పాలి. నూనంతా కార్చేశాక పైమూత తుప్పుపట్టి కదలకపోతే బండి ర్యాంపు మీదే కాపురం పెడుతుంది. కారిన నూనెను కొలిచి, సరిగ్గా అంతే పోయాలి. బోల్టు కొసన అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న బూడిదరంగు ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూడాలి. కాటుకలా మెత్తగా ఉంటే వయసు అరుగుదల, భయం లేదు. రవ్వలు గుచ్చుకున్నా, ఇనుప పెళ్ళలు కనబడ్డా ఇక నూనె గురించి ఆలోచించి లాభం లేదు. తీసిన నూనె పాలు కలిసినట్టు గులాబీరంగులో ఉంటే రేడియేటరులోని కూలరు చిల్లుపడి కూలెంటు లోపలికి వచ్చిందన్నమాట, ఆ బండిని నడుపుకుంటూ ఇంటికి కూడా తీసుకుపోకూడదు.

నూనెమట్టం చూడటంలో శాఖాభేదం ఉంది. చాలా కంపెనీల సంప్రదాయంలో వేడెక్కిన ఇంజనును ఆడిస్తూనే డిప్‌స్టిక్ తీసి చూడాలి. పాత హోండా ఆటోమేటిక్‌లలో ఇంజను ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. ఒక శాఖవాడు రెండో శాఖ ఆచారం పాటిస్తే ఎక్కువ తక్కువలు తప్పవు. డిప్‌స్టిక్కే లేని నవ్యశాఖలో నూనెను పుస్తకం చెప్పిన ఉష్ణోగ్రతకు తెచ్చి, పొంగుమూత విప్పి, ధార పలచబడే దాకా చూడాలి. చాలా టయోటాల్లో అది సుమారు నలభై డిగ్రీలు. ఏ నూనె అన్నది మాత్రం అభిప్రాయాలకు వదిలేసే విషయం కాదు. హోండాకు డీడబ్ల్యూ-1, డిప్‌స్టిక్ లేని తరం టయోటాకు డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కు దాని పుస్తకంలో రాసిన ఎస్పీ రకం. ‘అన్నిటికీ అదే నూనె అన్నా, డబ్బాలే వేరు’ అనే మెకానిక్ పాఠాంతరం ప్రక్షిప్తం, పట్టించుకోవద్దు.

నడిపేవాడి ఆచారాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బండి పూర్తిగా ఆగకుండా ‘ఆర్’ నుంచి ‘డి’కి లాగొద్దు. ఫ్లైఓవరు ఎక్కుడులో ఆగితే యాక్సిలరేటరుతో నిలబెట్టొద్దు, బ్రేకు ఉన్నది అందుకే. ఏటవాలులో ముందు హ్యాండ్‌బ్రేకు, తర్వాత ‘పి’. చెడిపోయిన బండిని, ఇంజను తిప్పే చక్రాలు నేల మీద ఉండగా తాడుకట్టి ఈడ్పించొద్దు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, లోపల నూనె తిరగదు, కొన్ని కిలోమీటర్లలో లోపలంతా మాడిపోతుంది.

ఇక ఇంకా కొననివాళ్ళకు. సర్వీసు బిల్లుల్లో ఏటీఎఫ్ అన్న మాట కోసం వెతకాలి. లేకపోతే మూడు విడతల నూనె ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయమే. ఆ తర్వాత బండిని రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున స్టార్ట్ చేయించాలి. ‘పి’ నుంచి ‘ఆర్’కు, ‘డి’కి మార్చినప్పుడు గేరు వెంటనే పడుతోందా, రెండు మూడు సెకన్లు తటపటాయించి ధడేల్మంటోందా అన్నది చల్లటి నూనెతోనే బయటపడుతుంది. మీరు వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా తగిలితే, ఇంకోరోజు తెల్లవారుజామున వస్తామని చెప్పి వచ్చేయండి.