‘ఇంట్లో ప్రయత్నించరాదు’ – సటీకా తాత్పర్యం

మూలం: పరమాణువును విడగొట్టవచ్చును, ఇంట్లో ప్రయత్నించరాదు.

అవతారిక: పదార్థాన్ని ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడైనా ఆగుతామా, ఆగమా అన్న పేచీ చాలా పాతది. ఆగి తీరాలన్నది వైశేషికుల పట్టు. ఆగకపోతే మేరు పర్వతానికీ ఆవగింజకీ ముక్కలు అనంతమే కనుక రెండూ ఒకే పరిమాణం కావలసి వస్తుందని వారి వాదం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహానికి తానే దీపిక అన్న వ్యాఖ్య రాసుకుంటూ, కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసును పట్టుకున్నాడు. దానికి అవయవాలున్నాయి, ఆ అవయవాలకూ అవయవాలున్నాయి, అక్కడితో సరి అని తేల్చాడు. బౌద్ధుడు వసుబంధువు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే అడ్డుపుల్ల వేసి ఉన్నాడు: ఒక పరమాణువును ఆరు దిక్కుల నుంచి మరో ఆరు తాకితే దానికి ఆరు పక్కలున్నట్టే కదా, పక్కలున్నదానికి భాగాలు లేవనడం ఎలా? ప్రయోగశాల ఇద్దరికీ లేదు. ఉన్నంతలో వసుబంధువు ప్రశ్నే గట్టిది. ఆ తగవు తీర్చడానికి పుట్టినదే పై సూత్రం. కర్త ఎవరో తెలియదు. బడిలో సైన్సు చెప్పినవాడై ఉండాలి.

ప్రతిపదార్థం: పరమాణువును = ఒక మూలకం తన గుణాలు పోగొట్టుకోకుండా ఉండగల అతి చిన్న రేణువును. ఇంగ్లండులో జాన్ డాల్టన్ 1808లో అచ్చు వేయించిన గ్రంథంలో ఇది పుట్టదు, చావదు, పగలదు అన్నాడు. రసాయన చర్యల్లో మూలకాలు ఎప్పుడూ నిర్ణీతమైన పాళ్లలోనే ఎందుకు కలుస్తాయో దీంతో తేలింది. పొయ్యి మీద ఏది మాడినా, ఇనుము ఎంత తుప్పు పట్టినా పరమాణువు నడుమనున్న కేంద్రకం చెక్కుచెదరదు గనుక, రసాయనం హద్దుల్లో డాల్టన్ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

విడగొట్ట = ఇక్కడే వ్యాఖ్యాతలు తన్నుకుంటారు. ఎలక్ట్రాన్‌ను ఊడబీకడం అని కొందరి అర్థం. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ కాథోడ్ కిరణాలను అటూ ఇటూ వంచి చూసి, హైడ్రోజన్ పరమాణువులో సుమారు 1,836వ వంతు బరువుండే ఈ రేణువు ఉందని చూపాడు. హైడ్రోజన్ నుంచి దాన్ని లాగడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కేంద్రకాన్ని చీల్చడం అని మరికొందరి అర్థం. దానికి లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కేంద్రకం వెడల్పు పరమాణువులో సుమారు లక్షో వంతే అయినా బరువులో 99.9 శాతానికి పైగా దానిదే. గురి కుదరడమే కష్టం, కుదిరాక పగలడం ఇంకా కష్టం.

వచ్చును = సాధ్యమగును. అనుమతి అని అర్థం చెప్పరాదు.

ఇంట్లో = ప్రహరీ లోపల. అరుగు, మేడ, పెరడు కలుపుకొని.

ప్రయత్నించరాదు = స్పష్టము.

తాత్పర్యం: పరమాణువుకు భాగాలున్నాయి, వాటిని వేరుచేసే ఉపాయాలూ ఉన్నాయి, ఆ ఉపాయాలు గృహస్థులకు అందేవి కావు అని భావం. ఈ చివరి భాగం నిలవదని ముందు ముందు తేలుతుంది.

విశేషాలు: కేంద్రకాన్ని మొట్టమొదట చీల్చినవాడు రూథర్‌ఫర్డ్ అని పాఠ్యపుస్తకాల వాడుక. ఆయన ఆల్ఫా కణాలతో నైట్రోజన్‌ను కొట్టగా ప్రోటాన్లు వెలువడ్డ సంగతి 1919లో అచ్చయింది, నిజమే. కానీ అక్కడ నైట్రోజన్ 14 ఆల్ఫా 4ను మింగి, ఒక ప్రోటాన్‌ను వదిలి, ఆక్సిజన్ 17 అయింది. అంటే పగలడం అటుంచి లావెక్కింది. ముక్కలు ముక్కలుగా కనిపించినది 1932 ఏప్రిల్ 14న. కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ తాము కట్టిన యంత్రంతో ప్రోటాన్లను తరిమి లిథియం మీదికి వదిలితే అది రెండు హీలియం కేంద్రకాలుగా విడిపోయింది.

బరువైన కేంద్రకం కథ వేరు. యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే దాని పక్క మూలకాలే వస్తాయని అందరూ అనుకుంటున్న కాలంలో, పెద్ద ముక్కలుగా విరుగుతోందేమో చూడమని ఇడా నోడాక్ 1934లోనే రాసింది. పట్టించుకున్నవారు లేరు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్‌లకు యురేనియంలో బేరియం దొరికింది. రసాయనవేత్తలుగా అది బేరియమే అని చెప్పగలరు, అప్పటి భౌతికశాస్త్రం ప్రకారం అలా జరగదు. ఆ గుంజాటనలో హాన్ ఉత్తరం రాశాడు లీజ్ మైట్నర్‌కు. యూదు సంతతి కావడంతో ఆమె ఆ జూలైలోనే జర్మనీ దాటింది, అటుపై స్వీడన్ చేరింది. క్రిస్మస్‌కు చూడవచ్చిన అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ మంచు మీద స్కీలతో వస్తుంటే, ఆమె నడకతోనే అతనితో సమానంగా సాగింది. దారిలో ఒక పడిపోయిన మాను మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్క వేశారు. కేంద్రకం నీటిబొట్టులా సాగి నడుమ సన్నబడి తెగితే, ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి తోసుకునే శక్తి సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి. ఆ శక్తి ఎక్కడిది? ముక్కల బరువు కలిపితే అసలు కన్నా ప్రోటాన్‌లో అయిదో వంతు తగ్గుతోంది. ఐన్‌స్టీన్ సూత్రంలో వేస్తే అదీ సుమారు 20 కోట్లే. బేరియం పరమాణు సంఖ్య 56, జత ముక్క క్రిప్టాన్‌ది 36, కలిపితే యురేనియం 92. బొగ్గులోని ఒక్కో కార్బన్ పరమాణువు మండితే వచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టుల లెక్క. ఈ చీలికను కనిపెట్టినందుకు 1944 సంవత్సరపు రసాయన నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. వ్యాఖ్యాత పక్షం అడిగితే, మైట్నర్‌కు అన్యాయమే జరిగింది.

శంక: ఆ ముక్కలనూ ముక్కలు చేస్తే? సమాధానం: కేంద్రకంలోని ప్రోటాన్, న్యూట్రాన్ కూడా క్వార్కులతో చేసినవే. 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా ఈ ఊహ చేశారు. 1968 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో ప్రోటాన్లలోకి ఎలక్ట్రాన్లు పంపి చూస్తే లోపల గట్టి రేణువులకు తగిలినట్టే చెదిరాయి. అయితే ఒక క్వార్కును బయటికి లాగబోతే, లాగే కొద్దీ ఖర్చయ్యే శక్తి పెరిగి పెరిగి కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంటగా మారుతుంది. చేతికి వచ్చేది ఒంటి క్వార్కు కాదు, మళ్లీ ఒక కట్టే. భాగాలున్నాయి, విడదీయడం కుదరదు: వసుబంధువూ వైశేషికుడూ ఇద్దరూ గెలిచిన చోటు ఇదొక్కటే. ఎలక్ట్రాన్‌కు మాత్రం లోపల భాగాలున్న జాడ ఏ ప్రయోగంలోనూ దొరకలేదు.

పాఠాంతరం: ‘ఇంట్లో ప్రయత్నించనక్కరలేదు’ అని చదివేవారున్నారు. వీరి పక్షంలో బలం ఉంది. చలికాలం పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, చిత్తుకాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. జుట్టులోని ఎలక్ట్రాన్లు దువ్వెనలోకి చేరడమే కారణం. ట్యూబులైటు వెలిగినంత సేపూ లోపలి పాదరసపు ఆవిరిలో ఎలక్ట్రాన్లు ఊడుతూనే ఉంటాయి. మొదటి అర్థంలో విభజన పొద్దున్నా సాయంత్రమూ నడుస్తున్నదే. రెండో అర్థానికీ చేయి పెట్టనక్కరలేదు. యురేనియం ఏ న్యూట్రాన్ తగలకుండానే అరుదుగా తనంత తాను చీలుతుందని 1940లో ఫ్ల్యోరొవ్, పెత్ర్‌జాక్ కనిపెట్టారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల పని కాదని రుజువు చేయడానికి పరికరాన్ని మాస్కో మెట్రో స్టేషన్‌లోకి, నేల అడుగుకి దించారు. గ్రాము యురేనియంలో ఈ చీలికలు గంటకు ఇరవై పైచిలుకు. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోని రాతిలోనూ, హైదరాబాదు అణు ఇంధన సముదాయంలో గొట్టాలకెక్కిన బిళ్లల్లోనూ ఇదే లెక్క, రియాక్టరు చేరకముందే. కనుక మూలంలో ‘రాదు’ అన్నది లేఖకుల పొరపాటు, ‘అక్కరలేదు’ అన్న పాఠమే గ్రాహ్యం.